డిస్కుకు అక్షరము పెట్టిన దెవరు?

కంప్యూటరు ఉన్న ప్రతి యింటిలోను, ప్రతి కార్యాలయములోను 'సి' డ్రైవు అను మాట వినబడుచుండును. విండోస్ అను ఆపరేటింగ్ సిస్టమ్ కాపురముండు చోటు సాధారణముగా అదియే. 'డి' యనుదానిని ఫొటోలకును, పాటలకును, దస్తావేజులకును వాడుదురు. 'ఎ', 'బి' అను మొదటి రెండక్షరములు ఏమైనవని మాత్రము అడుగువారు తక్కువ. మూడవ అక్షరముతో అక్షరాభ్యాసము మొదలుపెట్టినట్లున్న యీ వింతకు ఒక చరిత్ర యున్నది. అది తెలియక నష్టపడినవారును ఉన్నారు.

2001 అక్టోబరులో విండోస్ ఎక్స్‌పీ వెలువడిన తరువాత కొన్ని సంవత్సరములపాటు ఒక చిత్రమైన ఫిర్యాదు తరచుగా వినవచ్చెను. ఒకరు కొత్త హార్డ్ డిస్కు కొనితెచ్చి, కంప్యూటరు పెట్టెలో బిగించి, సి.డి. సాయముతో విండోస్ ఎక్కింతురు. పని ముగిసి తెర వెలిగిన పిదప చూచినచో, సిస్టమున్న డిస్కు పేరు 'సి' కాదు. 'ఎఫ్' అనియో 'హెచ్' అనియో ఉండును. 'సి' అను పేరు కెమెరా కార్డులు దూర్చు చిన్న అరకు పోయి యుండును. అందులో కార్డేమియు లేకపోయినను సరే! పోనిమ్ము, పేరు మార్చుదమని ప్రయత్నించినచో, సిస్టమున్న విభాగము అక్షరమును మార్చుటకు వీలులేదని విండోస్ నిరాకరించును. ఎక్కించినదంతయు తుడిచివేసి, కార్డుల అరకు పోవు తీగను ఊడదీసి, మరల మొదటినుండి ఎక్కించుటయే అందులో తేలికైన దారి.

ఇందులో రెండు ప్రశ్నలున్నవి. అక్షరము పెట్టినదెవరు అనునది మొదటిది. అది ఎచ్చట వ్రాసి యున్నది అనునది రెండవది. రెండవదే ముఖ్యము. ఇత్తడి బిందెపై ఇంటివారి పేరు చెక్కించినట్లు, డిస్కుపై దాని అక్షరము చెక్కి యుండునని చాలమంది తలంతురు. బిందె ఏ యింటికి పోయినను పేరు దానితోనే పోవును. డిస్కు సంగతి అట్లు కాదు. దాని అక్షరము దానిపై ఎచ్చటను లేదు.

పుట్టుక

డిస్కులను అక్షరములతో పిలుచు ఆచారము ఇంటి కంప్యూటర్ల కంటె పాతది. 1960 దశాబ్ది ఉత్తరార్ధమున అమెరికాలోని కేంబ్రిడ్జి నగరమున ఐ.బి.ఎం. సంస్థవారి పరిశోధన కేంద్రములో సి.పి./సి.ఎం.ఎస్. అను వ్యవస్థను తయారుచేసిరి. ఒకే పెద్ద యంత్రమును పలువురు ఏకకాలమున వాడుకొనుచు, ఎవరికి వారు తమకొక ప్రత్యేక యంత్రమున్నట్లు భావించుటకు వీలు కల్పించుట దాని ఉద్దేశము. పెద్ద డిస్కును చిన్న చిన్న భాగములుగా పంచి వాడుకదారుల కిచ్చిరి. ఒక్కొక్కరు తమ వాటాకు వచ్చిన భాగములను ఒక్కొక్క అక్షరముతో పిలుచుకొనిరి. ఒకరి 'ఎ' వేరు, మరియొకరి 'ఎ' వేరు. అనగా అక్షరము మొదటి నుండియు వస్తువునకు పేరు కాదు. చూచువారి దృష్టిలో దాని స్థానమునకు పేరు. ఈ సంగతి తరువాతివారు మరచిరి.

ఇంటి కంప్యూటర్ల లోకమునకు ఈ అక్షరములను తెచ్చినవాడు గేరీ కిల్డాల్. ఆయన కాలిఫోర్నియాలోని మాంటెరే పట్టణమున నౌకాదళమువారి ఉన్నత విద్యాలయములో అధ్యాపకుడు. ఇంటెల్ సంస్థకు సలహాదారు కూడ. ఇంటెల్ వారి 8080 అను చిన్న చిప్పునకు ఒక ఫ్లాపీ డిస్కును జోడించి, దానిని నడుపుటకు 1974లో సి.పి./ఎం. అను ఆపరేటింగ్ సిస్టమును వ్రాసెను. డిస్కును చిప్పుతో కలుపు విద్యుత్పరికరమును ఆయన మిత్రుడు జాన్ టొరోడ్ తయారుచేసి యిచ్చెను. సి.పి./ఎం.లో మొదటి ఫ్లాపీ యంత్రము 'ఎ', రెండవది 'బి'. అక్షరము తరువాత ఒక ద్విబిందువు పెట్టి, దాని తరువాత ఫైలు పేరు వ్రాయవలెను. పరికరము పేరు ప్రక్కన ద్విబిందువు పెట్టు వాడుక డిజిటల్ ఎక్విప్‌మెంట్ సంస్థవారి యంత్రములలో అంతకు ముందే యుండెను.

యంత్రము లోపల అక్షరము లేనే లేదు. ఫైలును తెరువవలసి వచ్చినపుడు సి.పి./ఎం. ఒక చిన్న పట్టికను నింపును. అందు మొదటి బైటులో 1 ఉన్నచో 'ఎ' అనియు, 2 ఉన్నచో 'బి' అనియు అర్థము. సున్న యున్నచో ప్రస్తుతము వాడుకలోనున్న డ్రైవు. తరువాతి సి.పి./ఎం. 2.2లో ఈ సంఖ్య 16 వరకు, అనగా 'పి' అను అక్షరము వరకు పోగలదు. అంకె యంత్రము కొరకు, అక్షరము మనుష్యుని కొరకు. ఇంగ్లీషు అక్షరములు ఇరువదియారే యగుటచే తరువాతి వ్యవస్థలు 'జెడ్' వద్ద ఆగవలసి వచ్చెను. ఈ ఏర్పాటు తెలుగువారి చేతిలో పుట్టి యున్నచో ఇంకను చాల డిస్కులకు చోటు దొరకి యుండెడిది!

1980లో సియాటిల్ కంప్యూటర్ ప్రోడక్ట్స్ అను చిన్న సంస్థలో పనిచేయు టిమ్ పేటర్సన్, ఇంటెల్ వారి కొత్త 8086 చిప్పు కొరకు ఒక ఆపరేటింగ్ సిస్టమును వ్రాసెను. సి.పి./ఎం. కొరకు వ్రాసిన ప్రోగ్రాములను సులభముగా దీనిలోనికి మార్చుకొనవలెనను తలంపుతో, పై పద్ధతులనే చాలవరకు అనుసరించెను. దానినే మైక్రోసాఫ్ట్ సంస్థ 1981లో కొనెను. ఆ సంవత్సరము ఆగస్టు 12న ఐ.బి.ఎం. తన పర్సనల్ కంప్యూటరును ప్రకటించినపుడు అదియే పి.సి. డాస్ అను పేరుతో వెలువడెను. అక్షరములు దానితోపాటు వారసత్వముగా వచ్చినవి.

ఆ యంత్రమున రెండు ఫ్లాపీ డ్రైవులకు చోటుండెను. ఒక్కొక్క ఫ్లాపీలో మొదట 160 కిలోబైట్లు మాత్రమే పట్టెడివి. ఒకే డ్రైవు కొన్నవారికి ఒక చమత్కారమైన సదుపాయము కల్పించిరి. ఆ ఒక్క డ్రైవే 'ఎ' గాను, 'బి' గాను నటించును. ఒక ఫ్లాపీనుండి మరియొక దానికి నకలు తీయవలసినపుడు, 'బి' డ్రైవు ఫ్లాపీని పెట్టి ఏదేని ఒక మీట నొక్కుమని తెరపై కోరును. వాడుకదారుడు మొదటి ఫ్లాపీ తీసి రెండవది పెట్టును. అప్పుడు 'బి' యనునది ఏది? డ్రైవా, ఫ్లాపీయా? నిజమునకు రెండును కావు. అది డాస్ తన మనస్సులో పెట్టుకొన్న ఒక గుర్తు.

1983 మార్చిలో ఐ.బి.ఎం. పి.సి. ఎక్స్‌టీ వచ్చెను. అందులో 10 మెగాబైట్ల హార్డ్ డిస్కు అమర్చిరి. 'ఎ', 'బి'లు ఫ్లాపీలకు కేటాయింపబడి యున్నవి గనుక హార్డ్ డిస్కు 'సి' అయినది. ఫ్లాపీ ఒకటే యున్నను 'బి' యను అక్షరము దాని కొరకే అట్టిపెట్టబడెను. ఫ్లాపీల కాలము గడచిపోయినను, 2011లో సోనీ సంస్థ వాటి తయారీని మానుకొన్నను, 'సి' తన స్థానము వదలలేదు. కేటాయింపు పుట్టించిన కారణము పోయినది, కేటాయింపు మిగిలినది.

అందరును ఈ మార్గముననే నడువలేదు. జపానులో నిప్పాన్ ఎలక్ట్రిక్ సంస్థవారి పి.సి.-98 జాతి యంత్రములలో డాస్ ఏ పరికరమునుండి మేల్కొనునో దానికే 'ఎ' దక్కెను. హార్డ్ డిస్కునుండి మేల్కొన్నచో హార్డ్ డిస్కే 'ఎ'; ఫ్లాపీలు తరువాతివి. 'సి' అను అక్షరమునకు ప్రకృతిసిద్ధమైన గొప్పతనమేమియు లేదనుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

బెల్ ప్రయోగశాలలో 1969 నుండి కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలు నిర్మించిన యూనిక్స్ మరియొక మార్గము పట్టెను. అందులో అన్నిటికి మూలము ఒక్కటే. రెండవ డిస్కును ఆ వృక్షమునందలి ఒక కొమ్మకు అంటుకట్టుదురు. ఫైలు ఏ డిస్కులో నున్నదో దాని పేరును బట్టి తెలియదు, తెలియవలసిన అవసరమును లేదు. 1983 నాటి డాస్ 2.0 యూనిక్స్ నుండి సంచుల లోపల సంచులు పెట్టు పద్ధతిని, అనగా డైరెక్టరీలను, స్వీకరించెను. కాని ఒకే మూలమను భావమును స్వీకరింపలేదు. ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క చెట్టుగా తోట మిగిలిపోయెను.

బంతిలో కూర్చుండు వరుస

డాస్ కాలమున అక్షరము ఎచ్చటను వ్రాసి పెట్టబడలేదు. యంత్రము మేల్కొన్న ప్రతిసారియు డాస్ డిస్కులను మరల లెక్కించి, మరల పేర్లు పెట్టెడిది. నిన్నటి పేరు దానికి జ్ఞాపకముండదు. లెక్కించు వరుస మారనంత కాలము పేర్లు మారవు. వరుస మారినచో పేర్లు మారును.

ఆ వరుస సరళమైనది కాదు. తొలి డాస్‌లో ఒక విభాగము 32 మెగాబైట్లకు మించరాదు. డిస్కును 512 బైట్ల గడులుగా విభజించి, ఆ గడులను పదునారు బిట్ల సంఖ్యతో లెక్కించుటయే దీనికి కారణము. పదునారు బిట్లలో 65,536 సంఖ్యలు పట్టును; దానిని 512 చేత హెచ్చవేసినచో సరిగా 32 మెగాబైట్లు వచ్చును. పెద్ద డిస్కులు రాగా, 1987లో డాస్ 3.3 ఒక ఉపాయము తెచ్చెను. డిస్కులో ఒక ప్రధాన విభాగము, దానితోపాటు ఒక విస్తృత విభాగము ఉండవచ్చును. విస్తృత విభాగము లోపల మరల ఎన్నియో ఉపవిభాగములు చేసికొనవచ్చును. ఒక్కొక్క ఉపవిభాగమునకు ఒక్కొక్క అక్షరము.

రెండు డిస్కులున్నపుడు ఏమి చేయవలెను? పెండ్లివారింట బంతి వేసినపుడు ప్రతి కుటుంబమునుండి పెద్దవారిని ముందు కూర్చుండబెట్టి, పిల్లలను ఆ తరువాత కూర్చుండబెట్టినట్లు, డాస్ మొదట అన్ని డిస్కుల ప్రధాన విభాగములకు వరుసగా అక్షరములిచ్చెను. ఆ పిమ్మటనే మొదటి డిస్కు ఉపవిభాగములు, తరువాత రెండవ డిస్కు ఉపవిభాగములు. అంతకు ముందే రెండు డిస్కులు గలవారికి రెండవది 'డి' యై యుండెను గనుక, ఈ వరుస వారిని బాధింపలేదు. బాధపడినవారు వేరు.

ఒక గుమాస్తా యంత్రమున ఒకే డిస్కున్నదనుకొందము. ప్రధాన విభాగము 'సి', ఉపవిభాగము 'డి'. లెక్కల ప్రోగ్రామును 'డి'లో పెట్టి, 'సి'లోని ప్రారంభపు ఫైళ్లలో 'డి' అనియే వ్రాసికొన్నాడు. చోటు చాలక రెండవ డిస్కును కొని, దానిపై ఒక ప్రధాన విభాగము చేసెను. మరునాడు యంత్రమును మేలుకొల్పగా కొత్త డిస్కే 'డి' యైనది. అతని పాత 'డి' ఇప్పుడు 'ఇ'. లెక్కలున్న చోటనే ఉన్నవి, ఒక్క బైటును కదలలేదు. ప్రోగ్రాము మాత్రము ఖాళీ డిస్కులో వెదకి, లేవని చెప్పును. అతడు భయపడి ఆ 'డి'ని సరిచేయబోయి, నిన్నటి అలవాటున తప్పు అక్షరముపై చేయి వేసినచో ఏమి జరుగునో ఊహింపవచ్చును.

తెలిసినవారికి ఒక చిట్కా యుండెను. కొత్త డిస్కుపై ప్రధాన విభాగమే చేయకుండ, మొత్తమును విస్తృత విభాగముగా చేసి, దానిలో ఉపవిభాగములు ఏర్పరచవలెను. అప్పుడా డిస్కునుండి పెద్దలెవరును బంతికి రారు. పిల్లలందరు చివరనే కూర్చుందురు. పాత అక్షరములు చెదరవు. ఇట్లే సి.డి. డ్రైవులు వచ్చినపుడు వాటికి హార్డ్ డిస్కుల తరువాతి అక్షరము వచ్చెడిది. హార్డ్ డిస్కు ఒకటి పెరిగినచో సి.డి. అక్షరము వెనుకకు జరిగి, 'డి'లో సి.డి. కొరకు వెదకు ఆటలు, నిఘంటువులు పనిచేయక మొరాయించెడివి. ముందుచూపు గలవారు దానికి మొదటినుండియే 'ఆర్' వంటి దూరపు అక్షరమును నియమించుకొనిరి. విండోస్ 95, 98లు రంగు తెరలతో వచ్చినను, హార్డ్ డిస్కుల విషయమున క్రింద నున్నది ఆ పాత వరుసయే.

జ్ఞాపకము గల వ్యవస్థ

1993లో వచ్చిన విండోస్ ఎన్.టి. 3.1 ఈ విషయమున కొత్త యుగమునకు నాంది. అందులో అక్షరమును వాడుకదారుడే నిర్ణయించి, దానిని స్థిరముగా ఉంచుకొనవచ్చును. ఎవరికి ఏ అక్షరమో విండోస్ తన రిజిస్ట్రీ అను ఖాతా పుస్తకమున వ్రాసికొనును. 2000 ఫిబ్రవరిలో వెలువడిన విండోస్ 2000లో ఈ పని కొరకే ఒక ప్రత్యేక భాగమును నెలకొల్పిరి. యూనిక్స్ పద్ధతిలో ఒక డిస్కును మరియొక డిస్కులోని డైరెక్టరీకి అంటుకట్టు వీలు కూడ అందులోనే వచ్చెను. దానిని వాడినవారు మాత్రము కొద్దిమంది.

కొత్త డిస్కు కొనినవారికి తెలియవలసిన కీలకము ఇచ్చటనే యున్నది. విండోస్ ఒక విభాగమును ఎట్లు గుర్తుపట్టును? డిస్కు మొట్టమొదటి గడిలో 440 బైట్లు దాటిన తరువాత నాలుగు బైట్ల గుర్తుసంఖ్య యొకటి ఉండును. అది లేని డిస్కు చేర్చినపుడు విండోస్ తానే ఒక సంఖ్య వ్రాయును. ఈ నాలుగు బైట్లును, ఆ విభాగము డిస్కులో ఎచ్చట ప్రారంభమగునో తెలుపు ఎనిమిది బైట్లును, మొత్తము పండ్రెండు బైట్లు. విండోస్ ఖాతాలో 'సి' అను పేరునకు ఎదురుగా ఈ పండ్రెండు బైట్లే వ్రాసి యుండును. డిస్కుపై ఉన్నది గుర్తుసంఖ్య. అక్షరము ఉన్నది ఖాతాలో. ఆ ఖాతా ఒక్కొక్క విండోస్‌కు ఒక్కొక్కటి.

ఆ కారణముచేత ఒకే పెట్టెలో రెండు విండోస్‌లు ఎక్కించినవారు, ఒక దానిలో 'సి' గానున్న విభాగము రెండవ దానిలో 'ఇ' గా కనబడుట చూచి విస్తుపోయెడివారు. ఎవరి ఖాతా వారిది. తాతకు ఒకడు 'పెద్దవాడు', మేనమామకు వాడే 'చిన్నవాడు' అయినట్లు.

చిక్కులలో పెద్దది పాత డిస్కునుండి కొత్త డిస్కునకు సిస్టమును నకలు తీయుట. నకలు తీసినపుడు ఫైళ్లతో పాటు ఖాతా పుస్తకము కూడ నకలగును. ఆ ఖాతాలో 'సి' అనగా పాత డిస్కు గుర్తుసంఖ్య. నకలు ముగిసిన పిమ్మట పాత డిస్కును తీయకుండ, కొత్త డిస్కునుండి యంత్రమును మేలుకొల్పినారనుకొందము. ఎక్స్‌పీ కాలమున యంత్రము మేల్కొను తొలి ఘట్టములో అక్షరముల ప్రసక్తి లేదు. ఎన్నవ డిస్కు, ఎన్నవ విభాగము అను లెక్కతోనే పని నడచును. కావున కొత్త విండోస్ కొత్త డిస్కునుండియే లేచును. లేచి తన ఖాతా తెరచి చూచును. అందులోని గుర్తు గల డిస్కు ప్రక్కనే కూర్చుండి యున్నది. దానికి 'సి' ఇచ్చును. తాను నివసించుచున్న కొత్త డిస్కు తనకు పరిచయము లేనిది. దానికి 'డి' యనియో 'ఇ' యనియో ఇచ్చును. ఇక అది మొదలు ప్రతి ప్రోగ్రాము 'సి' కొరకు అడుగును, పాత డిస్కులోని ఫైలు లభించును. వాడుకదారునకు అంతయు చక్కగా నున్నట్లే తోచును. ఒకనాడు పాత డిస్కు ఇక అక్కరలేదని తీసివేయును, లేక తుడిచివేయును. మరుసటిసారి విండోస్ సగము లేచి, వాడుకదారుని ఆహ్వానించి, వెంటనే బయటకు పంపివేయును. మరల ఆహ్వానించును, మరల పంపును. లోనికి ప్రవేశపెట్టవలసిన చిన్న ప్రోగ్రాము 'సి'లో నున్నదని వ్రాసి యున్నది. 'సి' యే లేదు.

ఈ జబ్బునకు ఆనాటి వైద్యులు ఒక మోటు మందు కనిపెట్టిరి. విండోస్ 98 ఫ్లాపీతో యంత్రమును లేపి, అందలి ఎఫ్‌డిస్క్ అను ఉపకరణముతో మొదటి గడిని తిరిగి వ్రాయించినచో, ఆ నాలుగు బైట్ల గుర్తుసంఖ్య చెరగిపోవును. అప్పుడు విండోస్ తన ఖాతాలోని డిస్కును గుర్తింపజాలక, కొత్త వారికి పేర్లు పెట్టినట్లు మరల మొదటినుండి పెట్టును. ఒంటరిగా నున్న డిస్కునకు 'సి' దక్కును. కాని నకలు తీసిన వెంటనే పాత డిస్కు తీగను ఊడదీసి, కొత్త దానిని ఒక్కసారి ఒంటరిగా మేలుకొల్పినచో ఈ మందుతో అవసరమే రాదు. పాత డిస్కును తరువాత తగిలించినను భయము లేదు. ఖాతాలో మార్పు జరిగిపోయి యుండును.

ఇక మొదట చెప్పిన 'హెచ్' కథ. విండోస్ ఎక్స్‌పీని ఎక్కించు ప్రోగ్రాము లేచినపుడు కొత్త డిస్కు ఉత్త ఖాళీ పలక. అందు విభాగములే లేవు. పేరు పెట్టుటకు అప్పటికి కనబడినవి ఇదివరకున్న డిస్కు విభాగములు, కార్డుల అరలు, జిప్ డ్రైవులు, సి.డి. డ్రైవు. వాటికి 'సి' మొదలుకొని అక్షరములు పంచిపెట్టెను. ఆ తరువాత వాడుకదారుడు కొత్త డిస్కుపై విభాగము చేసెను. మిగిలిన అక్షరము దానికి వచ్చెను. ఆ అక్షరముననే విండోస్ స్థిరపడి, ఖాతా పుస్తకమున వేలకొలది చోట్ల తన చిరునామాగా దానిని వ్రాసికొనెను. ఇన్ని చోట్ల వ్రాసిన పిదప ఆ ఒక్క అక్షరమును మార్చుట, ఊరి పేరు మార్చి ఉత్తరములన్నియు పాత పేరుననే వ్రాసినట్లగును. విండోస్ నిరాకరణలో న్యాయము లేకపోలేదు. ప్రోగ్రాములు వ్రాసినవారు కొందరు విండోస్‌ను అడిగి తెలిసికొనక, 'సి' అని తామే వ్రాసివేయుటచే వచ్చిన ఇబ్బందులు ఇంకొక తలనొప్పి.

2006 చివర సంస్థలకును, 2007 జనవరిలో ప్రజలకును వెలువడిన విండోస్ విస్టా నుండి పద్ధతి మారినది. ముందే సిద్ధము చేసిన సిస్టమును మూటగా తెచ్చి డిస్కుపై విప్పుదురు. డి.వి.డి.నుండి యంత్రమును మేలుకొల్పి ఎక్కించినచో, ఎక్కించు ప్రోగ్రాము తాను 'ఎక్స్' అను పేరుతో జ్ఞాపకశక్తిలో, అనగా మెమరీలో, కూర్చుండును. కొత్త విండోస్ ఏ డిస్కుపై దిగినను తన్ను తాను 'సి' అని పిలుచుకొనును. ఒకే యంత్రమున రెండు డిస్కులు, రెండు విండోస్‌లు. దీనినుండి చూచినచో ఇది 'సి', దానినుండి చూచినచో అది 'సి'. కాని పాత విండోస్ నడచుచుండగా దాని లోపలినుండియే కొత్త దానిని వేరొక విభాగమున ఎక్కించినచో, పాత దాని లెక్క ప్రకారమున్న అక్షరమే కొత్త దానికి నిలిచిపోవును. ఎక్కించు దారిని బట్టి పేరు!

పాత విభాగ పట్టిక స్థానమున జి.పి.టి. అను కొత్త పట్టిక వచ్చిన తరువాత, నాలుగు బైట్ల గుర్తునకు బదులు ప్రతి విభాగమునకు పదునారు బైట్ల గుర్తు లభించినది. అక్షరము మాత్రము ఇప్పటికిని డిస్కుపై లేదు.

యూనిక్స్ సంతతివారు దీనిని చూచి నవ్వుటకు వీలులేదు. లినక్స్‌లో వాడుకదారునకు అక్షరములు కనబడకపోయినను, లోపల డిస్కులకు 'ఎస్.డి.ఎ', 'ఎస్.డి.బి' అను వరుస పేర్లుండెను. అవియును కనబడిన క్రమమున ఇచ్చినవే. 2006, 2007 ప్రాంతమున పాతరకపు డిస్కుల పేర్లు 'హెచ్.డి.' నుండి 'ఎస్.డి.'కి మారినపుడు, వరుస పేర్లను నమ్మి వ్రాసిన పట్టికలు తప్పుదారి పట్టించెను. విభాగములకు స్వతస్సిద్ధముగా ఉండు దీర్ఘమైన గుర్తుసంఖ్యలనే పట్టికలో వ్రాయు అలవాటు అప్పుడే పెక్కు లినక్స్ సంచయములలో వ్యాపించెను.

ఈ చరిత్రలో అందరికంటె జాగ్రత్త పడవలసిన ఘట్టము యంత్రము చెడినపుడు వచ్చును. విండోస్ లేవనపుడు డి.వి.డి.నుండియో, పెన్ డ్రైవునుండియో ఒక చిన్న వైద్యవ్యవస్థను లేపుదురు. దానికి తన ఖాతా వేరు. చెడిన విండోస్ ఖాతాను అది చదువదు. విండోస్ 7 ఎక్కించిన పలు డిస్కులలో మొదట 100 మెగాబైట్ల చిన్న విభాగమొకటి యుండును. విండోస్ నడచుచున్నపుడు దానికి అక్షరముండదు గనుక ఎవరికిని కనబడదు. వైద్యవ్యవస్థలో అది ముందు వరుసలో వచ్చి 'సి' అగుట కలదు. అసలు సిస్టము 'డి' అగును. వాడుకదారుడు సంవత్సరముల తరబడి పిల్లల ఫొటోలు దాచిన 'డి' అప్పుడు 'ఇ' యగును. ఎన్నటినుండియో తనకు తెలిసిన అక్షరమును నమ్మి, ఫార్మాట్ అను ఆజ్ఞ ఇచ్చిన చేయి ఏ విభాగముపై పడునో ఆ అక్షరము చెప్పదు. విభాగము పరిమాణము, దానికి వాడుకదారుడు స్వయముగా పెట్టిన పేరు, అందలి ఫైళ్ల జాబితా చెప్పును. పరిమాణమును, పేరును విభాగముపైననే వ్రాసి యుండును. ఏ వ్యవస్థనుండి చూచినను అవి మారవు. విభాగమునకు 'ఫొటోలు' అనియో 'లెక్కలు' అనియో పేరు పెట్టుటకు అరనిమిషము కూడ పట్టదు.